నా కన్నూ నాలుగో మడీ

లేజర్ పడిన రోజు

మెహరున్నీసా డాక్టరమ్మ ఈ నోటుబుక్కు నా చేతిలో పెట్టి, నలభై రోజులు కంటికి ఏం కనిపించినా, ఏం కనిపించకపోయినా రాయమంది. "చూపు, మచ్చలు, మెరుపులు, నొప్పి, అన్నీ రాయండమ్మా. ముగిశాక చదువుతాను" అంది. రాస్తాను. అడిగింది కాబట్టి నా కడుపులో ఉన్నది కూడా రాస్తాను. చదువుకోనీ.

నాకున్నది కుడికన్ను ఒక్కటే. ఎడమకన్ను చిన్నప్పుడే సున్నం పడి పోయింది. కుడికంటికి అయిదేళ్ళ కిందట ఈవిడే శుక్లం తీసి లెన్స్ పెట్టింది. ఇవాళ ఆస్పత్రి పడవలో కూర్చోబెట్టి, గడ్డం స్టాండు మీద ఆనించమని, లోపలికి చూసి పెదవి విరిచింది.

"శుక్లం మళ్ళీ వచ్చిందా?" అన్నాను.

"తీసేసింది మళ్ళీ ఎలా వస్తుందమ్మా? లెన్స్ శుభ్రంగా ఉంది. దాన్ని పట్టుకుని ఉండే పొర వెనకవైపు మసకబారింది. మధ్యలో లేజర్‌తో చిన్న కిటికీ తెరిస్తే సరిపోతుంది. ఎన్నాళ్ళుగా ఉంది ఇలా?"

"ఈమధ్యే."

అబద్ధం. రెండేళ్ళ నుంచీ దీపం చూస్తే చుట్టూ ముళ్ళు మొలిచినట్టు కనిపిస్తోంది. ఎండకి ఎదురుగా నిలబడితే అంతా తెల్లబారిపోతుంది. ఉప్పుగాలి వల్ల అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, అలా అనుకుందామని తీర్మానించుకున్నాను. మొన్న నీళ్ళు వడగట్టే మడి మెట్ల మీద జారి మోకాలు పగలగొట్టుకోకపోతే ఈ పడవ ఎక్కేదాన్నే కాదు.

టక్ టక్ మని పాతిక ముప్ఫై చప్పుళ్ళు. నొప్పి లేదు. చుక్కల మందు వేసి, సభకి చీటీ రాయనా అని అడిగింది. వద్దన్నాను. లేజర్ పడిన కన్ను నలభై రోజులు చెల్లదని మా గట్టు చట్టం. ఆ చట్టం చేయించింది నేనే. నాకంటే ముందు నీటికన్నుగా, అంటే తాగేనీళ్ళు తేటో కాదో చూసి చెప్పే మనిషిగా, ఉన్న కనకలింగం లేజర్ చేయించుకున్నాక, తన కంట్లో తేలే మచ్చల్ని నీళ్ళలో పురుగులనుకుని నాలుగు మడులూ వారం రోజులు మూయించాడు. వాణ్ణి దింపేయాలని అందరికంటే గట్టిగా అరిచిందాన్ని నేను. ఆ పని నాకే ఇచ్చారు.

1వ రోజు

చూపు ఇంకా మసక. నల్లటి మచ్చలు దోమల్లా అటూ ఇటూ పోతున్నాయి. కన్ను బరువుగా ఉంది. చుక్కలు మూడుసార్లు వేసుకున్నాను.

డ్యూటీకి వెళ్ళాను. వెళ్ళకపోతే అడుగుతారు. డాక్టరమ్మకి మా పని తెలియదు కాబట్టి రాస్తున్నాను. గట్టు మీద నాలుగు వరుసల ఇళ్ళు, వరుసకొక ఇసుక మడి. ఎగువ నుంచి గొట్టాల్లో వచ్చిన నీళ్ళు ఆ ఇసుకలో దిగి తేరుకుంటాయి. తేరాయో లేదో రోజూ పొద్దున్నే చెప్పేదాన్ని నేను. నా దగ్గర జానెడు తక్కువ గజం పొడవు గాజు గొట్టం ఉంది. దాని అడుగున నల్లటి ఇంటూ గుర్తు. నేను పైనుంచి కన్ను పెట్టి చూస్తూ ఉంటే, మడి కాపరి మొహం పక్కకి తిప్పుకుని చెంబుతో నీళ్ళు పోస్తాడు. గుర్తు ఏ గీత దగ్గర మాయమైతే అది ఆ రోజు అంకె. పన్నెండు గీతలూ నిండినా గుర్తు కనిపిస్తే నీళ్ళు తేట. ఆరు కంటే తగ్గితే మురికి. మురికి మడి నీళ్ళు సముద్రంలోకి వదిలేస్తారు. ఆ వరుస ఇళ్ళకి మిగతా మడుల నుంచి సగం కొలత పోస్తారు.

సెన్సార్లు లేవా అని డాక్టరమ్మ అడగొచ్చు. ఉండేవి. తెర మీద ఒకే అంకె ఇరుక్కుపోయి నలభై ఒక్కమంది వాంతులతో పోయాక జనం వాటిని రాళ్ళతో కొట్టారు. తర్వాత వరుసకొకరు గొట్టంలో చూసేవాళ్ళు. ఎవరి వరుస నీళ్ళు వాళ్ళకి తేటగా కనిపించేవి. తలలు పగిలాయి. అప్పుడు ఒకే కన్ను అన్నారు. ఇంకెవరూ గొట్టంలోకి తొంగి చూడకూడదు.

ఇవాళ మొదటి మూడు మడులకీ ఎప్పట్లాగే తొమ్మిది, తొమ్మిది, పది రాశాను. నాలుగో మడికి చూడకుండానే అయిదు రాశాను. అక్కడ రెండేళ్ళుగా అయిదే.

2వ రోజు

మచ్చలు తగ్గాయి. చూపు విడింది. గోడ మీద సున్నపు బీటలు కూడా కనిపిస్తున్నాయి. ఇల్లు ఇంత మురికిగా ఉందని నాకు తెలియదు.

మొదటి మడి పన్నెండు. రెండోది పన్నెండు. మూడోది పన్నెండు. కిందటేడు నుంచి అన్ని మడుల అంకెలూ తగ్గాయని సభలో చెబితే, ఎగువ నీళ్ళే బాగాలేవని అందరూ తలలూపారు.

నాలుగో మడి దగ్గరికి వెళ్ళాను. కాపరి నాంచారయ్య చెంబు పట్టుకుని మొహం తిప్పుకున్నాడు. పోశాడు. ఆరు. తొమ్మిది. పదకొండు. గొట్టం అంచు దాకా నిండింది. అడుగున ఇంటూ గుర్తు, పలక మీద రాసినట్టు, కదలకుండా ఉంది.

గొట్టం కడిగించి మళ్ళీ పోయించాను. పన్నెండు.

"అయిదేనాండీ?" అన్నాడు నాంచారయ్య, మొహం ఇంకా పక్కకే పెట్టి.

"అయిదే" అన్నాను.

రిజిస్టరులో వేలిముద్ర వేశాడు. పటిక నీళ్ళలో నాని వాడి వేళ్ళు పగిలిపోయి ఉన్నాయి, ముద్ర సరిగ్గా పడలేదు.

3వ రోజు

మళ్ళీ పన్నెండు. మళ్ళీ అయిదు రాశాను.

ఎందుకు రాశానో కూడా రాస్తాను. నాంచారయ్య అంటే నాకు ఒళ్ళు మంట. తొమ్మిదేళ్ళ కిందట మా ఆయన గోపాలం తూము కాపలాలో ఉండగా ఉప్పునీళ్ళు లోపలికొచ్చాయి. ఆయన నిద్రపోతున్నాడని సభలో సాక్ష్యం చెప్పింది వీడే. మా ఆయన్ని ఉప్పుగేటు అవతలికి పంపేశారు. ఏడు రోజుల నీళ్ళిచ్చి పంపుతారు. అవతల ఉప్పు పర్ర, గడ్డి కూడా మొలవని చవిటి నేల, తప్ప ఏమీ లేదు. వెళ్ళినవాళ్ళు ఎవరూ తిరిగి రాలేదు. మా ఆయన నిజంగానే నిద్రపోయాడు. ఆయన సంగతి నాకు తెలియదా? నిజమే చెప్పాడని వాడి మీద నాకు మరింత కోపం.

మొదటి మూడు మడులూ గోడ నీడలో ఉంటాయి. నాలుగోది తూర్పుకి ఎదురుగా, పైకప్పు లేకుండా ఉంటుంది. నేను అక్కడికి చేరేసరికి ఎండ సూటిగా కంట్లో పడుతుంది. మసక పొర మీద ఎండ పడితే అంతా తెల్లబారిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. అంటే రెండేళ్ళుగా మురికి నా కంట్లో ఉంది. వాడి నీళ్ళలో లేదు.

ఇది రాయడానికి గంట పట్టింది.

5వ రోజు

సభ చాటింపు వేయించింది. రెండేళ్ళు వరసగా ఆరుకి తక్కువ వచ్చిన మడి కాపరిని గట్టు మీద ఉంచకూడదని చట్టం. ఇంకో పద్నాలుగు రోజులకి, అంటే నా లెక్కలో పంతొమ్మిదో రోజున, నాంచారయ్యని ఉప్పుగేటు దాటిస్తారు.

తొమ్మిదేళ్ళు ఈ మాట కోసం కాచుకుని కూర్చున్నాను. విన్నాక అన్నం సయించలేదు. దానికి కూడా వాడి మీదే కోపం వచ్చింది.

కన్ను బాగుంది. దగ్గరి అక్షరాలకి పాత కళ్ళద్దాలు సరిపోవడం లేదు. పొర తెరిచాక లెన్స్ వెంట్రుకవాసి వెనక్కి జరగొచ్చని డాక్టరమ్మ ముందే అంది.

8వ రోజు

నాలుగో వరుసకి వెళ్ళాను. నేను అటు వెళ్ళి ఏడాది దాటింది. పిల్లల పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి ఒక ముసలాయన అరుగు మీంచి లేచి లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

నాంచారయ్య భార్య అలివేలు గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"ఏటమ్మా, పెట్టే బేడా సర్దామో లేదో సూడ్డానికొచ్చావా? సర్దలా. ఏవీ లేదు సర్దడానికి."

"నీ మొగుడితో మాట్లాడాలి."

"రెండేళ్ళు మాట్టాడావుగా రోజూ. ఒకటే మాట. అయిదు, అయిదు, అయిదు."

నాంచారయ్య లోపలి నుంచి వచ్చి భార్యని పక్కకి జరిపాడు. నాకు పీట వేయబోయాడు. వద్దన్నాను. ఆ మర్యాద చూస్తే నాకు పిచ్చెక్కింది.

"నీ మడి నీళ్ళు నీకెలా కనిపిస్తాయిరా?" అని అడిగాను.

వాడు తల గోక్కున్నాడు. "ఏం జెప్పమంటారండీ. నాకైతే తేటగానే అగుపడతాయండి. మడి అడుగున ఇసక రేణువు రేణువూ లెక్కెట్టొచ్చు. కానీ మీరు అయిదంటున్నారు గదా. అందుకని నా కళ్ళే పాడయ్యాయేమోనని డాక్టరమ్మ కాడికి మూడు మాట్లు పోయానండి. బాగానే ఉన్నాయి పొమ్మంది. లేదమ్మా, కోసి ఏదో ఒకటి పెట్టండి అన్నాను. తిట్టి పంపేసింది."

"మరి ఇసుక అంతలా ఎందుకు కడుగుతున్నావు, తేటగా ఉంటే?"

"మీకు అగుపడేది నాకు అగుపట్టం లేదు గదండీ. ఎక్కడ మురికి ఉందో తెలీక మొత్తం కడుగుతన్నాను. రోజూ రెండు మాట్లు."

అలివేలు నా వంక చూసింది. ఏదో అనుమానం తగిలినట్టుంది, కానీ అడగలేదు. నేను వచ్చేశాను. దారంతా వాణ్ణి బూతులు తిట్టుకున్నాను. తన కళ్ళకి కనిపించింది తను నమ్మని వెధవని ఎక్కడైనా చూశామా? అంత నమ్మకం నా మీద ఎవడు పెట్టుకోమన్నాడు?

9వ రోజు

నాలుగో మడికి పన్నెండు అని రాశాను.

"అయిదేనాండీ?" అన్నాడు అలవాటుగా.

"పన్నెండు. వేలిముద్ర వెయ్యి."

వేశాడు. సంతోషిస్తాడనుకున్నాను. భయపడ్డాడు. "ఏం మార్చానండీ నేను? నిన్నెలా కడిగానో ఇవాళా అలాగే కడిగాను" అని వెనకాలే వచ్చాడు.

10వ రోజు

గట్టుపెద్ద పూర్ణచంద్రం కబురు పంపాడు. మనిషి ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడతాడు. ఆ నవ్వు చూస్తే నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

"అక్కగారూ, రెండేళ్ళు అయిదు, ఒక్క రోజులో పన్నెండు. ఎలాగండీ?"

"నీళ్ళు తేటగా ఉన్నాయి."

"నీళ్ళు మారాయా, కన్ను మారిందా?" అని ఒక కాగితం నా ముందుకి తోశాడు. ఆస్పత్రి పడవ ఎక్కినవాళ్ళ జాబితా. నా పేరుకి ఎదురుగా లేజర్ అని ఉంది. డాక్టరమ్మ చీటీ రాయలేదు, పడవ గుమస్తా రాశాడు. "చట్టం మీదే కదండీ. లేజర్ పడిన కన్ను నలభై రోజులు చెల్లదు. కాబట్టి నిన్నటి పన్నెండు చెల్లదు. లేజర్‌కి ముందు రెండేళ్ళ అయిదులు చెల్లుతాయి."

"ఇప్పుడే కదయ్యా నాకు సరిగ్గా కనిపిస్తున్నది!"

"కనకలింగం కూడా అదే అన్నాడండీ. నాకు బాగా గుర్తు. మీరే లేచి, లేజర్ పడిన కన్ను దెయ్యం పట్టిన కన్ను అన్నారు."

అన్నాను. నిజమే. సభంతా నవ్వింది కూడా ఆ రోజు.

12వ రోజు

రెండు రోజులు ఇంట్లో కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. ఇవాళ మళ్ళీ పూర్ణచంద్రం దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. రెండేళ్ళ నుంచీ కన్ను మసకగా ఉంది. నాకు తెలుసు. చెబితే గొట్టం లాక్కుంటారని దాచాను. నాంచారయ్య మీద కక్ష ఉంది కాబట్టి దాచడం సులువైంది. నీళ్ళు ఎప్పుడూ తేటే.

ఈసారి పూర్ణచంద్రం నవ్వలేదు. తలుపు మూసి వచ్చాడు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదు."

"అనకండి. రెండేళ్ళు ఒక వరుస మొత్తాన్ని సగం నీళ్ళతో ఎండగట్టాం. వాళ్ళ మంచినీళ్ళు సముద్రంలో పారబోశాం. ఈ సంగతి బయటికొస్తే మీ ఇల్లూ ఉండదు, నా ఇల్లూ ఉండదు. ఒక్క మనిషి పోతే గొడవ సర్దుమణుగుతుంది. వాడు పోయాక కొత్త కాపరిని పెడదాం. కొత్త నీటికన్నుని పెడదాం. అంకెలు వాటంతటవే బాగుపడతాయి."

"ఒక మనిషిని చంపి అంకెలు బాగుచేస్తావా?"

"నేనేం చేశానండీ? నేను రాసినవా ఆ అయిదులు?"

చెప్పు తీసి కొడదామనిపించింది. కొట్టినా ఆ అయిదులు రాసింది నేనే కదా.

గొట్టం ఇచ్చేయమని మనిషిని పంపాడు. నీటికన్నుని సభ దింపేదాకా గొట్టం ఇంకొకరి చేతికి ఇవ్వకూడదని చట్టం చూపించి పొమ్మన్నాను. చట్టం వాడి ఒక్కడి సొత్తా?

15వ రోజు

డాక్టరమ్మా, ఇది జాగ్రత్తగా చదువు. పొద్దున్న ముగ్గు పిండి కింద పడితే వంగాను. కంట్లో మసి చల్లినట్టు వందల చుక్కలు. కన్ను కదిపితే పక్క నుంచి మెరుపు.

నొప్పి లేదు. అది మంచిదని అనుకోవడం లేదు. ఇదివరకు ఇలాంటివి అనుకునే ఇంత దూరం తెచ్చుకున్నాను.

17వ రోజు

కంటి పైభాగం నుంచి బూడిదరంగు తెర దిగుతోంది. పై గడప కనిపించడం లేదు. తల వెనక్కి వాలిస్తే గోడ కనిపిస్తుంది, పైన మాత్రం ఏమీ లేదు.

వైర్‌లెస్ గదికి వెళ్ళి పడవకి మాట్లాడాను. డాక్టరమ్మ నా మాట పూర్తి కానివ్వలేదు.

"రెటీనా ఊడుతోందమ్మా. లేజర్ తర్వాత నూటికో కోటికో ఒకరికి అవుతుంది. పంతొమ్మిదో తారీకు పొద్దున్న పడవ మీ రేవుకి వస్తుంది, ఒక్క గంట ఆగుతుంది. ఎక్కి రండి. తెర మధ్యకి రాకముందే కుట్టాలి. ఆలస్యమైతే నేను కాదు, ఎవరూ చేయలేరు. ఉన్నది ఒక్క కన్ను, గుర్తుపెట్టుకోండి."

"పంతొమ్మిది పొద్దున్నా?"

"మళ్ళీ పడవ ఇరవై రోజులకి."

నా లేజర్ పడింది ఒకటో తారీకుకి ముందు రోజు. కాబట్టి ఆమె పంతొమ్మిదీ నా పంతొమ్మిదీ ఒకటే. ఉప్పుగేటు తీసేది కూడా ఆ గంటలోనే.

18వ రోజు

ఎవరి కోసం పోగొట్టుకోవాలి నా కన్ను? నాంచారయ్య కోసమా? వాడు నా ఎవరు? మా ఆయన్ని గేటు దాటించిన మనిషి. పొద్దున్నుంచీ ఇదే. చీర మూట కట్టాను, విప్పాను. మళ్ళీ కట్టాను.

వాడు ఇవాళ కూడా ఇసుక కడుగుతున్నాడట. అలివేలు నీళ్ళ వరుసలో నిలబడి అందరికీ చెబుతోంది. రేపు గేటు దాటాల్సిన మనిషి, ఇవాళ రెండుసార్లు కడిగాడు.

మూట విప్పేశాను.

19వ రోజు

అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. కంటి కింది సగం ఇంకా ఉంది.

గొట్టం కొంగులో చుట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. నాలుగు వరుసల జనమూ ఉన్నారు. పడవ కూత వినిపించింది. నాంచారయ్య భుజాన ఏడు రోజుల నీళ్ళ తిత్తి. అలివేలు వాడి చొక్కా వెనక పట్టుకుని నిలబడింది. పూర్ణచంద్రం చేతిలో రిజిస్టరు.

నేను జనం మధ్యలోకి పోయి గొట్టం బయటికి తీశాను.

"నాలుగో వరుసవాళ్ళు వినండి. రెండేళ్ళు నా కంటి మీద పొర ఉంది. నాకు తెలుసు. దాచాను. మీ నీళ్ళు మురికి కాదు. మీ పిల్లల నోటి దగ్గర నీళ్ళు సముద్రంలో పోయించింది నేను."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఒక మట్టిగడ్డ నా భుజానికి తగిలింది. ఇంకోటి వీపుకి. ఒక ఆడమనిషి నా జుట్టు పట్టుకుంది. "మా అత్త పోయింది ఆ ఎండల్లో నీళ్ళు చాలక, ముండా!" అంది. ఎవరో విడిపించారు. నేను విడిపించమనలేదు.

"ఆమె కన్ను చెల్లదు!" అని పూర్ణచంద్రం అరిచాడు. "లేజర్ పడిన కన్ను. ఆమె ఇప్పుడు ఏం చెప్పినా చట్టం ఒప్పుకోదు."

"నేనేమీ చెప్పను" అన్నాను. "చెప్పడానికి నాకు కనిపించి చావడం లేదు. మీరే చూడండి. నాలుగో మడి నీళ్ళు తెచ్చి, ఒక్కొక్కరూ గొట్టంలో చూడండి."

గొట్టంలోకి ఇంకొకరు చూడటం మా గట్టు మీద తల్లిని తిట్టినంత తప్పు. ఎవరూ కదల్లేదు. అలివేలు కదిలింది. మొగుడి చొక్కా వదిలి, మడి దగ్గరికి పరుగెత్తి, బిందెతో నీళ్ళు తెచ్చి, గొట్టం నా చేతిలోంచి లాక్కుంది. అంచు దాకా పోసింది. వంగి చూసింది.

"ఉంది" అంది. "అడుగున గుర్తుంది. పన్నెండు."

తర్వాత ఆవేళ నన్ను చూసి తలుపేసుకున్న ముసలాయన చూశాడు. ఉందన్నాడు. ఒకటో వరుస మనిషి చూసి, లేదనాలని వచ్చి, ఉందన్నాడు. ఇరవై మంది, ముప్ఫై మంది చూశారు. రేవులో పడవ రెండో కూత వేసింది. నా కంట్లో తెర ముక్కు దాకా దిగింది. నాకు ఇప్పుడు వాళ్ళ కాళ్ళూ నడుములే కనిపిస్తున్నాయి.

పూర్ణచంద్రం తెలివైనవాడు. గొడవపడలేదు. రిజిస్టరు కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"మంచిది. అందరూ చూశారు. కానీ ఏడువందల రోజులు అయిదని వేలిముద్ర వేసింది ఎవరు? ఈ కాపరి. మడి అతనిది, ముద్ర అతనిది. అతను కూడా చూసి చెప్పాలి. అతని నోటి నుంచి అయిదే వస్తే నేను గేటు తీస్తాను. ఇంకెవరూ అందించకూడదు."

పూర్ణచంద్రానికి నాంచారయ్య సంగతి తెలుసు, తన కళ్ళని తను నమ్మడని. మా అందరికీ తెలుసు.

నాంచారయ్య తిత్తి దించాడు. మూడుసార్లు చేతులు తుడుచుకున్నాడు. అలివేలు గొట్టం పట్టుకుంటే వంగి కన్ను పెట్టాడు. అన్నాళ్ళు కాపరిగా ఉండి ఆ గొట్టంలోకి మొదటిసారి చూస్తున్నాడు.

పూర్ణచంద్రం వైపు వెళ్ళలేదు. భార్య వైపు తిరగలేదు. నా ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు, నాకు కిందనే కనిపిస్తుందని ఎవరో చెప్పినట్టుంది. వాడి మొహం నా చూపులోకి వచ్చింది.

"ఎంతండీ?" అన్నాడు.

నేను పన్నెండంటే పన్నెండు చెబుతాడు. అయిదంటే అయిదు చెబుతాడు. ఉప్పు పర్ర వైపు తిరిగిపోయాను.

"నన్నడిగితే చంపుతాను" అన్నాను. "నీకు కళ్ళు లేవా?"

పడవ మూడో కూత వేసి రేవు వదిలింది. దాని ఇంజను చప్పుడు దూరమయ్యేదాకా వాడు నా వెనకే ఉన్నాడు. వాడి ఊపిరి వినిపిస్తోంది.

"పన్నెండు" అన్నాడు. ఎవరికీ వినపడేట్టు కాదు.

"గట్టిగా" అన్నాడు పూర్ణచంద్రం.

"పన్నెండు!"

లేచాడు. నా భుజం పట్టుకుని తన వైపు గుంజి తిప్పుకున్నాడు. ఆ పగిలిన వేళ్ళు నా చర్మంలో దిగాయి. తొమ్మిదేళ్ళలో, అంతకు ముందు కూడా, వాడు నన్ను అమ్మగారూ అండీ తప్ప ఏమీ అనలేదు.

"రెండేళ్ళనించీ పన్నెండేనే! రోజూ పన్నెండే! నాకు అగుపడతానే ఉందే, ముసలిదానా! నా కళ్ళు బాగానే ఉన్నాయే!" అని నా మొహం మీద అరిచాడు. అరుస్తూ ఏడ్చాడు. ఉమ్మి నా చెంప మీద పడింది. అలివేలు వచ్చి పట్టుకునేదాకా వదల్లేదు.

చెంప తుడుచుకోలేదు.

"రాసుకో" అన్నాను పూర్ణచంద్రంతో. "అతను చెప్పినట్టే రాసుకో."